రాకెట్లంటే ఇష్టం, టెలిస్కోపులంటే ఇష్టం: ఏ బ్రాంచి తీసుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ. తిరిగి వాడే రాకెట్లు, వాటిలో వెళ్లే అంతరిక్ష టెలిస్కోపుల మీద పనిచేస్తానంటోంది. ఏరోస్పేస్ తప్ప ఇంకే బ్రాంచీ వద్దంటోంది. ఏ కాలేజీలో సీటొచ్చినా చేర్పించెయ్యమంటారా?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఏ కాలేజీలో అయినా అంటే వద్దండీ. బ్రాంచి పేరు కన్నా అమ్మాయికి ఏ పని నచ్చిందో ముందు తేల్చుకోండి. వాహనాన్ని క్షేమంగా దించడం ఒక విద్య, టెలిస్కోప్ తయారీ ఇంకో విద్య.

ఈ రెండూ కలిసిన చోటు స్పేస్ షటిల్, అంటే అమెరికా నాసా వాళ్లు మనుషుల్ని పంపి మళ్లీ మళ్లీ వాడిన అంతరిక్ష వాహనం. 1990 ఏప్రిల్‌లో డిస్కవరీ అనే షటిల్ హబుల్ అంతరిక్ష టెలిస్కోప్‌ను కక్ష్యలో వదిలింది. తీరా చూస్తే బొమ్మలు మసక. 2.4 మీటర్ల అద్దాన్ని తయారీలోనే అంచు దగ్గర సుమారు 2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) ఎక్కువ అరగదీశారు. అద్దాన్ని పరీక్షించే పరికరంలో కొలత కడ్డీ మూతకున్న నల్లరంగు కాస్త ఊడింది. కాంతి కడ్డీ కొన నుంచి కాకుండా ఆ ఊడిన చోటి నుంచి తిరిగొచ్చింది. దాంతో ఒక కటకాన్ని 1.3 మిల్లీమీటర్ల తేడాతో బిగించారు. వేరే పరీక్షల్లో తప్పు కనబడింది కూడా, కానీ ఈ పరికరం మీది నమ్మకంతో వాటిని పక్కన పెట్టేశారు. 1993 డిసెంబరులో ఎండీవర్ షటిల్‌లో వ్యోమగాములు వెళ్లి, ఐదు స్పేస్‌వాక్‌లు చేసి దాన్ని సరిదిద్దారు. 2009 దాకా షటిళ్లు ఐదుసార్లు వెళ్లి మరమ్మతులు చేశాయి.

ఇప్పటి స్పేస్‌ఎక్స్ రాకెట్ ఫాల్కన్ 9 అలా కాదు. వెనక్కి దిగేది కింది భాగమైన మొదటి దశ (బూస్టర్), టెలిస్కోప్‌ను పైకి పంపడంతో దాని పని అయిపోతుంది. 2021లో ఐక్స్‌పీ, 2023లో యూక్లిడ్ అనే టెలిస్కోపులు అంతకుముందే ఎగిరొచ్చిన బూస్టర్ల మీదే వెళ్లాయి. ఇక జేమ్స్ వెబ్ టెలిస్కోప్ వెళ్లింది ఒక్కసారికే పనికొచ్చే ఏరియన్ 5 రాకెట్‌లో. 6.5 మీటర్ల అద్దాన్ని 5.4 మీటర్ల ముక్కుభాగంలో పట్టించడానికి మడతపెట్టాల్సొచ్చింది. టెలిస్కోప్ ఇంజినీర్లను రాత్రీపగలూ వేధించేవి ఇలాంటివే: చోటు, కుదుపులు, దుమ్ము.

దించడం నచ్చితే కంట్రోల్ సిస్టమ్స్ ముఖ్యం, అందుకు ఈసీఈ లేదా ట్రిపుల్ ఈ. వేడిని తట్టుకునే పలకలు, నిర్మాణం నచ్చితే మెకానికల్. అద్దాలు నచ్చితే ఇంజినీరింగ్ ఫిజిక్స్. మన దగ్గరా ఈ పని నడుస్తోంది. 2024 జూన్‌లో కర్ణాటకలోని చిత్రదుర్గలో ఇస్రో తన తిరిగి వాడే రెక్కల వాహనం నమూనా పుష్పక్‌ను హెలికాప్టర్ నుంచి 4.5 కిలోమీటర్ల ఎత్తున వదిలింది. అది తనంతట తానే రన్‌వే మీదికొచ్చి గంటకు 320 కిలోమీటర్లు దాటిన వేగంతో దిగింది.

తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో బీటెక్ సీటు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతోనే, ఈఏపీసెట్ ర్యాంకు అక్కడ చెల్లదు. చేరితే ఇస్రో ఉద్యోగం ఖాయమని మాత్రం అనుకోకండి, మార్కులూ ఖాళీలూ చూస్తారు. ఇస్రో సైంటిస్ట్ నోటిఫికేషన్లలో ఎక్కువ పోస్టులు మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ వాళ్లకే ఉంటూ వచ్చాయి. వాటిలో అడిగింది 65 శాతం లేదా 6.84 సీజీపీఏ. అంతకు తగ్గితే దరఖాస్తుకే వీలుండదు. అనుభవమున్న అధ్యాపకులు లేని కాలేజీలో ఏరోస్పేస్ చేరినవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

అమెరికా రాకెట్ కంపెనీల మీద ఆశ ఉంటే ఒక విషయం ముందే చెప్పండి. అక్కడి ఎగుమతి నియంత్రణ చట్టాల వల్ల ఆ ఉద్యోగాలు చాలావరకు పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్నవాళ్లకే. అక్కడ ఎంఎస్ చేసినంత మాత్రాన రావు.

అమ్మాయి ఇంకా ఏదీ తేల్చుకోలేకపోతే మంచి కాలేజీలో మెకానికల్ లేదా ఈసీఈలో చేర్పించండి. గేట్ రాసి ఎంటెక్‌లో ఏరోస్పేస్‌కు మళ్లొచ్చు.