పబ్లిక్ గార్డెన్స్‌కు పిల్లలను తీసుకువెళ్లవచ్చా?

"హైదరాబాదు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఇప్పుడు పిల్లలకు చూపించదగినవి ఏమైనా మిగిలాయా?" అని అడిగారు. మిగిలాయి, తప్పకుండా తీసుకువెళ్లండి. పక్కనే ఉన్న రెడ్ హిల్స్‌లో పుట్టి పెరిగిన నాకు ఆ తోట ఇంటి వాకిలి వంటిది కనుక కొంచెం వివరంగా చెబుతాను.

మా తాత దానిని చివరిదాకా బాగే ఆమ్ అనే పిలిచాడు. ఆమ్ అంటే అందరిదీ, సామాన్య జనానిది అని అర్థం. డెబ్బైల చివరలో ఆయన ప్రతి సాయంత్రం నన్నూ చెల్లెలినీ చెరొక చేత పట్టుకొని అక్కడికి నడిపించేవాడు. లోపలికి వెళ్లగానే ఒక పెద్ద చెట్టు దగ్గర ఆగి, చేతికర్రతో నేలను తట్టి, "ఇగో, ఇక్కడనే ఉండె సింహం బోను. రాత్రిపూట అది అరిస్తే మన ఇంటిదాక వినొస్తుండె" అనేవాడు. తోటలోని జంతువులను 1963లో కొత్తగా తెరిచిన నెహ్రూ జూపార్కుకు తరలించారు, అప్పటికి నేను పుట్టనే లేదు. అయినా ఆ బోను ఎక్కడ ఉండేదో నేను ఈనాటికీ కళ్లు మూసుకొని చూపించగలను.

తొమ్మిదో ఏట ఒక వేసవి మధ్యాహ్నం, ఎండ భరించలేక తాత మమ్మల్ని తోటలోని మ్యూజియంలోకి తీసుకువెళ్లాడు. ఏడవ నిజాం తనకు కానుకగా వచ్చిన ఈజిప్టు మమ్మీని 1930లో ఆ మ్యూజియానికి ఇచ్చాడు. అద్దాల పెట్టెలో నల్లబడిన ఆ చిన్న ముఖాన్ని చూడగానే నేను తాత పంచె వెనక్కు వెళ్లిపోయాను. ఐదేళ్ల చెల్లెలు మాత్రం పెట్టెకు ముక్కు ఆనించి చాలాసేపు చూసి, "ఈ అక్క ఇంత దూరం వస్తుంటే వాళ్లమ్మ ఊకుందా?" అని అడిగింది. అక్కడ నిలబడిన కాపలాదారు నవ్వలేదు. వంగి, చెల్లెలి తల నిమిరి, "ఊకోలేదు బిడ్డా, అందుకే మేము భద్రంగ చూసుకుంటున్నం" అన్నాడు. బయటికి వచ్చాక కొలను గట్టున కూర్చొని తాత మాకు వేరుసెనగలు కొనిపెట్టాడు. చెల్లెలు వాటిలో నాలుగు గింజలు తీసి ఆ అక్కకని గౌను జేబులో దాచింది. ఎన్ని దేశాల మ్యూజియాలు చూసినా, ఆ కాపలాదారు ఒక్క మాటలో నేర్పిన గౌరవం నాకు మరెక్కడా దొరకలేదు.

మారిందేమిటని అడిగితే చెట్లు తగ్గాయని అందరూ అంటారు. నా దృష్టిలో అసలు నష్టం గోడల వల్ల జరిగింది. శాసనసభ భవనం 1913 నాటిది, జూబిలీ హాలు ఏడవ నిజాం కాలం నాటిది. అవి తోటతో కలిసి పెరిగినవి కనుక వాటిపై నాకు ఫిర్యాదు లేదు. తరువాతి దశాబ్దాలలో ఒక ఖాళీ కనిపిస్తే ఒక హాలు, ఒక హాలు వస్తే దానికొక ప్రహరీ, ప్రహరీ వస్తే దానికొక గేటు వచ్చి, ఒకే తోట ఎన్నో ఆవరణలుగా విడిపోయింది. ఇప్పుడు జనం ఏదో ఒక భవనానికి పని మీద వచ్చి, పని కాగానే వెళ్లిపోతున్నారు. ఊరికే నడవడానికి వచ్చేవారు ఉదయపు నడక వారు మాత్రమే. దీనికి తోడు, సభలూ వేడుకలూ జరిగే రోజులలో సామాన్యులను ఆపివేస్తారు. గత ఏడాది ఆరేళ్ల మనవడితో వెళితే గేటు దగ్గరి నుంచే వెనక్కు పంపారు. అందరి తోట అని పేరు పెట్టుకున్న చోట ఒక పిల్లవాడికి కారణం చెప్పలేక నిలబడటం నాకు నిజంగా బాధ కలిగించింది. వాహనాలు నిలుపుకోవడానికి పచ్చికను ఇచ్చివేయడం కూడా అంతే అన్యాయం. ఏటా జరిగే పెద్ద ప్రదర్శన అయిన నుమాయిష్‌ను 1938లో తొలిసారి ఇక్కడే జరుపుకొన్న నగరం, తరువాత దానిని పక్కనున్న మైదానానికి మార్చుకొని తోటను తోటగానే ఉంచుకుంది. ఆపాటి విచక్షణ ఇప్పుడు కూడా సాధ్యమేనని నా గట్టి నమ్మకం.

మీరు కారు తేవద్దు. 2018 నుంచి అసెంబ్లీ మెట్రో స్టేషను ఉంది, అక్కడ దిగి నడవండి. ఉదయమే వెళ్లి ముందు చెట్ల కింద తిరగండి, మ్యూజియం తెరిచాక మమ్మీ దగ్గరికి వెళ్లండి. పిల్లలు భయపడితే బలవంతం చేయకండి.

గేటు దగ్గరి నుంచి వెనక్కు పంపిన వారం తరువాత నేనూ మనవడూ మళ్లీ వెళ్లాము, ఈసారి గేటు తెరిచే ఉంది. తాత ఆగే చెట్టు ఇప్పుడు లేదు, అక్కడ సిమెంటు దారి వేశారు. నేను ఆ దారి మీద నిలబడి సింహం బోను సంగతి చెప్పాను. మనవడు వంగి నేలకు చెవి ఆనించి, నన్ను మాట్లాడవద్దని చేత్తో సైగ చేశాడు.