మూడో విశ్వవిద్యాలయానికి మారే ముందు

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాము. మా అబ్బాయి ఎన్‌సీఏఏ (అమెరికా కళాశాల క్రీడల సంస్థ) పై స్థాయి విభాగమైన డివిజన్ 1లో బాస్కెట్‌బాల్ ఆటగాడు. మొదటి సంవత్సరం ఒక విశ్వవిద్యాలయంలో, రెండో సంవత్సరం మరొకచోట చదివాడు. కోర్టులోకి దిగే అవకాశం తక్కువగా వస్తోందని ఇప్పుడు మళ్లీ ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో, అంటే విశ్వవిద్యాలయం మారదలచిన ఆటగాళ్ల జాబితాలో, పేరు ఇస్తానంటున్నాడు. ఇన్ని జట్లు మారితే భవిష్యత్తు దెబ్బతినదా?

సమాధానం: జట్లు మారినంత మాత్రాన ఇప్పుడు ఎవరూ తప్పుపట్టరు. 2021కి ముందు బాస్కెట్‌బాల్ ఆటగాడు విశ్వవిద్యాలయం మారితే సాధారణంగా ఒక సీజన్ ఆడకుండా కూర్చోవలసి వచ్చేది. ఆ ఏడాది ఒక్కసారికి ఆ నిబంధన సడలించారు. 2024 ఏప్రిల్ నుంచి, చదువుకు సంబంధించిన అర్హతలు సరిగా ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడనిస్తున్నారు. మీరు ఆందోళన పడవలసింది జట్ల సంఖ్య గురించి కాదు, ఆ అర్హతల గురించి.

డాల్టన్ నెక్ట్ కొలరాడోలోని ఒక జూనియర్ కాలేజీలో రెండేళ్లు, నార్తర్న్ కొలరాడోలో రెండేళ్లు, టెనెసీలో ఒక ఏడాది ఆడి 2024లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే కార్యక్రమంలో) 17వ స్థానంలో ఎంపికయ్యాడు. అయితే అతను టెనెసీకి వెళ్లింది ఉన్నచోట ఆడనివ్వక కాదు. అంతకుముందు సీజన్‌లో సగటున మ్యాచ్‌కు 20 పాయింట్లు చేసి, పై స్థాయి పోటీ కోసం వెళ్లాడు. నాకు ఇంకా నచ్చిన ఉదాహరణ క్యామెరాన్ జాన్సన్‌ది. పిట్స్‌బర్గ్‌లో మూడేళ్లలోనే డిగ్రీ పూర్తిచేసి, పట్టా చేతిలో ఉండగా నార్త్ కరోలినాకు మారి రెండు సీజన్లు ఆడాడు. 2019 డ్రాఫ్ట్‌లో 11వ ఎంపిక అతనే.

మీ అబ్బాయి విషయంలో అసలు చిక్కు క్రెడిట్లతో, అంటే పూర్తిచేసిన కోర్సులకు లెక్కించే యూనిట్లతో, వస్తుంది. మూడో సంవత్సరంలో అడుగుపెట్టేనాటికి తాను చదివే డిగ్రీకి కావలసిన దానిలో 40 శాతం, నాలుగో సంవత్సరానికి 60 శాతం పూర్తయి ఉండాలన్నది డివిజన్ 1 నియమం. 120 క్రెడిట్ల డిగ్రీలో 40 శాతమంటే 48. అతని చేతిలో 60 క్రెడిట్లు ఉన్నాయనుకుందాం. కొత్త విశ్వవిద్యాలయం అన్నింటినీ స్వీకరించినా, వాటిలో 42 మాత్రమే అక్కడ ఎంచుకున్న డిగ్రీకి చెల్లి మిగిలినవి ఐచ్ఛిక సబ్జెక్టుల కింద పక్కన పడితే, వేసవి తరగతులతో ఆ లోటు పూడ్చేదాకా అతనికి ఆడే అర్హత ఉండదు. ఈ లెక్క కోచ్ చెప్పడు; చెప్పవలసింది అక్కడి అకడమిక్ సలహాదారు, అదీ రాతపూర్వకంగా.

పోర్టల్‌లో పేరు చేరాక ప్రస్తుత విశ్వవిద్యాలయం ఆ టర్మ్ ముగిశాక స్కాలర్‌షిప్ ఆపేయవచ్చు, తిరిగి తీసుకుంటుందన్న హామీ కూడా లేదు. అందుకే పేరు ఇచ్చేముందే ఇప్పటి కోచ్‌తో కూర్చుని, వచ్చే ఏడాది తన స్థానంలో ఎవరెవరు ఉంటారో, తనను ఏ పాత్రలో చూస్తున్నారో మీ అబ్బాయి సూటిగా అడగాలి. ఈ మాట తల్లిదండ్రులు కాక అతనే అడగడం మేలని నా అభిప్రాయం.

మీ వీసా సంగతి మీరు రాయలేదు. 2025 జూలై నుంచి విశ్వవిద్యాలయాలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వగలుగుతున్నందున ఇది ముఖ్యం. అతను హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబ సభ్యుల వీసా) మీద ఉంటే పని చేసి సంపాదించే అనుమతి లేదు, 21 ఏళ్లు నిండేలోగా వేరే వీసాకు మారాలి; ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నా ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడగకుండా ఏ ఒప్పందం మీదా సంతకం చేయవద్దు.

ముందుగా రెండు విశ్వవిద్యాలయాల ట్రాన్స్‌క్రిప్టులూ తెప్పించి, అతను ఏ డిగ్రీ పూర్తి చేయదలచుకున్నాడో అడిగి రాయండి. ఆ డిగ్రీలో అతని క్రెడిట్లలో ఎన్ని చెల్లుతాయో చూసిన తరువాతే మూడో విశ్వవిద్యాలయం గురించి మాట్లాడుకుందాం.