నావో వచ్చాడా, వచ్చిందా: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం పది రోజుల క్రితమే అందింది. మొదటిసారి మామూలు పాఠకుడిగా చదివాను, రెండోసారి పెన్సిలు చేతబట్టుకుని చదివాను. జవాబు ఆలస్యం కావడానికి ఆ రెండో చదువే కారణం. నీ కాగితాలు దీనితో పాటే తిప్పి పంపుతున్నాను. అంచుల నిండా గీతలు కనిపిస్తాయి, వాటిని చూసి దిగులుపడకు. చేవ ఉన్న రాతను మాత్రమే నేను ఇంత ఓపికగా దిద్దుతాను.

విషయం బాగా ఎంచుకున్నావు. జపాన్‌లో టీబీఎస్ అనే టీవీ సంస్థ 1979లో మొదలుపెట్టి 2011 వరకు విడతలు విడతలుగా ప్రసారం చేసిన ‘మూడో సంవత్సరం బి సెక్షన్ కిన్‌పాచి మాస్టారు’ ఆ దేశంలో దాదాపు ప్రతి ఇంటికీ తెలిసిన ధారావాహిక. టోక్యోలో అరకవా నది గట్టు, ఆ పక్కనే ఒక కల్పిత మాధ్యమిక పాఠశాల, అందులో పదిహేనేళ్ళ పిల్లలు, తకెదా తెత్సుయా నటించిన పొడుగు జుట్టు మాస్టారు. మొదటి విడతలోనే పదిహేనేళ్ళ విద్యార్థిని గర్భవతి కావడాన్ని కథగా చేసుకున్న ధైర్యం దానిది. నువ్వు తీసుకున్న ఆరో విడత 2001 అక్టోబరు నుంచి 2002 మార్చి వరకు నడిచింది. బడి లెక్కల్లో అమ్మాయి, తన లోపల మాత్రం అబ్బాయి అయిన కొత్త విద్యార్థి త్సురుమొతో నావో పాత్రలో అప్పటికి పదహారేళ్ళు నిండిన ఉఎతో అయా నటన గురించి నువ్వు రాసిన పేరా నాకు బాగా నచ్చింది. అక్కడ నా పెన్సిలు ఆగలేదు.

మిగతా చోట్ల ఆగింది. నీ వ్యాసంలో ఏడుపు ఎక్కువ, తరగతి గది తక్కువ. బాధపడుతున్న బిడ్డ ముఖాన్ని పదే పదే దగ్గరగా చూపించావు కానీ, ఆ బాధ ఎక్కడ తయారవుతున్నదో చూపించలేదు. జపాన్ మాధ్యమిక పాఠశాలలో ఒక సెక్షన్ పిల్లలు రోజంతా దాదాపు ఒకే గదిలో ఉంటారు, ఉపాధ్యాయులే గంట గంటకూ మారతారు. మధ్యాహ్న భోజనం పిల్లలే వడ్డించుకుని ఆ బల్లల మీదే తింటారు, ఆ గదిని వాళ్ళే ఊడ్చి తుడుస్తారు. వీధి చెప్పులు గుమ్మం దగ్గరి అరల్లో వదిలి, ఉవబాకి అనే లోపలి బూట్లు వేసుకుని గదిలోకి వెళతారు. ఒక ఉదయం అరలో ఆ బూట్లు కనిపించకపోతే, మేజోళ్ళతో చల్లని నేల మీద నడిచి వెళ్ళేసరికి, ఎవరూ ఒక్క మాట అనకుండానే సంగతి గది మొత్తానికీ తెలిసిపోతుంది. పలకరిస్తే ఎవరూ పలకరు. దీన్ని షికతో అంటారు, మనిషి అక్కడ లేనట్టే మసలుకోవడం. అలాంటి గది ఎదురుతిరిగితే ఆ బిడ్డకు పోవడానికి పక్క గది లేదు. ఇజిమే అనే మాటను నువ్వు ‘వేధింపు’ అని అనువదించి ముందుకు సాగిపోయావు. మన కాలేజీల ర్యాగింగ్‌లా పైతరగతివాళ్ళు కిందితరగతివాళ్ళను ఏడిపించడం ఒక్కటే కాదది. ఎక్కువగా తోటివాళ్ళే, నిన్నటి దాకా పక్కన కూర్చుని తిన్నవాళ్ళే చేసేది.

సామాజిక శాస్త్రవేత్త మొరితా యోజి 1980ల్లోనే ఇందులో నాలుగు వలయాలున్నాయని చెప్పారు. బాధపడేవారు, బాధపెట్టేవారు, చుట్టూ చేరి నవ్వేవారు, చూసీ చూడనట్టు ఉండేవారు. ఇజిమే పెరగడమూ తగ్గడమూ ఈ చివరి రెండు వలయాల చేతిలో ఉంటుందని ఆయన భావన. టోక్యోలోని ఒక మాధ్యమిక పాఠశాల విద్యార్థి 1986 ఫిబ్రవరిలో ప్రాణం తీసుకున్నాడు. అంతకు కొన్ని నెలల ముందు అతని తోటివాళ్ళు అతను చనిపోయినట్టు గదిలో అంత్యక్రియల ఆట ఆడి, బల్ల మీద పూలు పెట్టి, సంతాప సందేశాల అట్ట ఒకటి తయారుచేశారు. దాని మీద సంతకాలు పెట్టినవారిలో ఉపాధ్యాయులు కూడా ఉన్నారు. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే నీ వ్యాసంలో ‘దుర్మార్గులైన కొందరు విద్యార్థులు’ అనే మాట రాసేదానివి కావు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా బడి వార్షికోత్సవానికి సత్యభామ వేషం కట్టింది మా తరగతి పిల్లవాడే అని అందరూ అనుకునే ఒక నేస్తం. ఆ రాత్రి జడ ముందుకు వేసుకుని నిలబడ్డ తీరు చూసి ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. సోమవారం బడికి వచ్చినప్పుడు ఆ కళ్ళ కింద కాటుక ఇంకా పూర్తిగా పోలేదు. పాదాల మీద పారాణి కూడా. వెనక బెంచీల నుంచి మొదలైన మాటలు సాయంత్రం గంట కొట్టేదాకా ఆగలేదు, ఆ సంవత్సరం అంతా ఆగలేదు. నేను రెండో బెంచీలో కూర్చుని, పెన్నులో సిరా పోసుకుంటూ తల వంచుకున్నాను. నిజానికి ఆ పెన్ను నిండుగానే ఉంది. ‘నేను నవ్వలేదు కదా’ అని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. మొరితా చెప్పిన నాలుగో వలయంలో ఆ రోజు నేనున్నానని అర్థమయ్యేసరికి నాకు నలభై ఏళ్ళు దాటాయి.

వేదిక మీద చప్పట్లు కొట్టిన చేతులే గదిలో వేలెత్తి ఎందుకు చూపించాయి? జపాన్‌లోనూ ఇదే ప్రశ్న ఉంది. కబుకీ అనే పాత నాటక కళలో స్త్రీ పాత్రలు పురుషులు ధరించే ఒన్నగతా సంప్రదాయానికి శతాబ్దాల గౌరవం ఉంది. తకరజుకా నాటక బృందంలో 1914 నుంచి అన్ని పాత్రలూ స్త్రీలే ధరిస్తున్నారు, అక్కడ మగ వేషం కట్టే నటీమణులను అభిమానులు నెత్తిన పెట్టుకుంటారు. అయినా తరగతి గదిలో ఒక బిడ్డ వేషం కోసం కాక తన కోసం అలా ఉంటానంటే గది ఒప్పుకోదు. వేషాన్ని ఒప్పుకునేది గది, తీసేయమనేదీ గది. ఆ అధికారం బిడ్డ చేతికి వెళ్ళిన క్షణంలోనే ఇజిమే మొదలవుతుంది. నువ్వు రాయవలసింది ఆ క్షణాన్ని గురించి.

నా గీతల్లో ఎక్కువ భాగం ఎక్కడ పడ్డాయో ఇప్పుడు చెబుతాను. నీ క్రియల చివర. మూడో పేజీలో ‘నావో తలుపు తీసుకుని లోపలికి వచ్చింది’ అని రాశావు. చిన్న వాక్యం, ఏ తప్పూ కనిపించదు. కానీ నావో ఇంకా నోరు తెరవలేదు, తానెవరో ఎవరికీ చెప్పలేదు. హాజరు పట్టీ చెప్పినదాన్ని నీ క్రియ అప్పటికే ఒప్పేసుకుంది. గది చేసే పనినే నీ వాక్యమూ చేసింది.

ఇందులో నీ తప్పు సగమే, మిగతా సగం మన భాష నిర్మాణానిది. జపనీస్‌లో క్రియకు ఆడా మగా తేడా లేదు, ఎవరు వచ్చినా ‘కితా’ ఒక్కటే. అక్కడ తేడా అంతా ‘నేను’లో ఉంది. అబ్బాయిలు బొకు అంటారు, కొంచెం మోటుగా ఒరే అంటారు (మన ‘ఒరే’ ఎదుటివాణ్ణి పిలవడానికైతే వాళ్ళ ‘ఒరే’ తనను చెప్పుకోవడానికి). అమ్మాయిలు వతషి అనో అతషి అనో అంటారు. పెద్దయ్యాక మర్యాదగా మాట్లాడేటప్పుడు మగవాళ్ళూ వతషి అంటారు కానీ, బడి వయసులో ఏ ‘నేను’ ఎంచుకుంటే ఆ బిడ్డ ఏ వైపో ప్రకటించినట్టే. అంటే జపాన్ బిడ్డ తన నోటితో తానే చెప్పుకోవాలి. పిలిచే ఉపాధ్యాయుడు మాత్రం అబ్బాయి పేరు చివర ‘కున్’, అమ్మాయి పేరు చివర ‘సన్’ చేర్చి తన తీర్పు తాను చెప్పేస్తాడు. అందరినీ ‘సన్’ అని పిలిచే బడులు ఈ మధ్య పెరిగాయి.

తెలుగులో సరిగ్గా దీనికి తలకిందులు. మన ‘నేను’ అందరిదీ, ‘నేను వచ్చాను’ అని ఎవరైనా అనవచ్చు. తీర్పు మూడో మనిషి చేతిలో ఉంది, ‘వచ్చాడు’, ‘వచ్చింది’. పైగా మన వ్యాకరణం మగవాణ్ణి మహత్తు అని వేరుచేసి, ఒక్క స్త్రీని గురించి చెప్పేటప్పుడు ఆవుకూ బస్సుకూ వాడే ‘వచ్చింది’నే వాడుతుంది. బహువచనంలోకి వెళితే మాత్రం ‘వచ్చారు’ అని అందరినీ కలుపుకుంటుంది. ఇటువంటి భాషలో జపాన్ బిడ్డ కథ చెప్పబోయే రచయిత ప్రతి వాక్యం చివరా ఒక నిర్ణయం తీసుకుంటున్నాడన్నమాట, తనకు తెలియకుండానే.

దారి లేదని కాదు, మన భాషలోనే ఉంది. ‘నావోకి భయం వేసింది’ అను, అక్కడ క్రియ భయంతో కుదురుతుంది, బిడ్డ జోలికి రాదు. ‘నావోకి తెలుసు’, ‘నావోకి ఇష్టం లేదు’, ‘నావోకి కావాలి’, వీటిలో ఆడా మగా లేదు. ‘నావో మాట్లాడలేదు’, ‘నావో తల ఎత్తలేదు’, జరిగినదాన్ని కాదని చెప్పే వాక్యానికి కూడా ఆ తేడా లేదు. భయం, ఇష్టం, కావాలనుకోవడం, మౌనం. గదికి భయపడే బిడ్డను గురించి చెప్పడానికి మనకు కావలసినవి చాలావరకు ఇవే కదా. ‘వచ్చారు’ అని గౌరవ వాచకం వాడవచ్చునని కొందరు అంటారు. పెద్దవాళ్ళ విషయంలో నేనూ అదే వాడతాను కానీ, పదిహేనేళ్ళ విద్యార్థికి అది దూరంగా వినిపిస్తుంది.

అలాగని వ్యాసం చివరిదాకా దాక్కోకు. తాను అబ్బాయినని నావో చెప్పిన తరవాత దాపరికం మర్యాద కాదు. అక్కడి నుంచి ‘వచ్చాడు’, ‘అన్నాడు’, ‘కూర్చున్నాడు’ అని రాయి. నీ వ్యాసంలో నావో తన సంగతి చెప్పేశాక కూడా పదకొండు చోట్ల ‘ఆమె’ ఉంది. అంటే అతను చెప్పాడు, నువ్వు వినలేదు. అతను ఏ సన్నివేశంలో ఎవరి ఎదుట ఏ ‘నేను’ వాడాడో ఆ భాగాలు మళ్ళీ చూసి ఒక కాగితం మీద వరసగా రాసుకో. సబ్‌టైటిళ్ళను నమ్మకు, అవి అన్నింటినీ ఒక్క ‘నేను’గా మార్చేస్తాయి, చెవితో విను. నీ వ్యాసానికి అసలు వెన్నెముక ఆ కాగితమే అవుతుందని నా నమ్మకం.

తిట్ల సంగతి కూడా చెప్పాలి. ఆడతనం కనిపించే మగపిల్లల మీద జపాన్ బడుల్లో విసిరే మాట ఒకమా. దానికి సమానంగా మన సినిమా హాస్యం దశాబ్దాలుగా అరగదీసిన ఒక తెలుగు మాట వాడావు, నేనిక్కడ దాన్ని తిరిగి రాయను. తిట్టేది పాత్ర అయితే ఆ జపాన్ మాటనే కొటేషన్లలో ఉంచు. మన మాట పెడితే తెలుగు పాఠకుడికి ముందు నవ్వు వస్తుంది, అలవాటైన నవ్వు. ఆ నవ్వుతో అతను మూడో వలయంలోకి వెళ్ళి కూర్చుంటాడు, అక్కడి నుంచి అతన్ని లేపడం నీ వల్ల కాదు.

కాలం విషయంలోనూ జాగ్రత్త. 2001లో ఆ కథకు అందుబాటులో ఉన్నది వైద్యుల పరిభాష, లింగ గుర్తింపు రుగ్మత అనే అర్థం వచ్చే పేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన కొత్త వర్గీకరణలో దాన్ని మానసిక రుగ్మతల జాబితా నుంచి తీసేశారు. ఆడా మగా అనే మామూలు గిరిలో ఇమడనివారికి నేడు వాడే ‘క్వీర్’ అనే మాటను నాటి పాత్రల మీద కప్పితే, వాళ్ళు ఏ మాటలు లేక ఉక్కిరిబిక్కిరి అయ్యారో అది మాయమవుతుంది. ఇంకొకటి, జుట్టూ దుస్తులూ నడకా ఒక సంగతి, తానెవరన్నది వేరొక సంగతి, ఎవరిని ప్రేమించేదీ ఇంకా వేరు. నువ్వు మూడింటినీ ఒక పేరాలో కలిపేశావు. విడదీసి రాయి.

అలాగే ‘ఈ ధారావాహిక వల్లే చట్టం వచ్చింది’ అన్న వాక్యాన్ని కొట్టేశాను. క్రమం చెప్పు, చాలు. ధారావాహిక 2002 మార్చిలో ముగిసింది. అధికారిక పత్రాల్లో లింగం మార్చుకునే వీలు కల్పించే చట్టం 2003 జులైలో ఆమోదం పొంది మరుసటి ఏడాది అమల్లోకి వచ్చింది. ఆ చట్టం పెట్టిన షరతులు కఠినమైనవి, పిల్లలు పుట్టే సామర్థ్యాన్ని వదులుకోవాలన్న షరతును రాజ్యాంగ విరుద్ధమని జపాన్ సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పేదాకా ఇరవై ఏళ్ళు పట్టింది. ఇజిమే నిరోధక చట్టం 2013లో వచ్చింది, అందులో ఇజిమే అంటే ఏమిటో తేల్చేది బాధపడే బిడ్డ బాధే. నావో లాంటి పిల్లల దుస్తులు, జుట్టు, మరుగుదొడ్ల విషయంలో సహాయంగా ఉండమని విద్యాశాఖ 2015లో బడులకు లేఖ రాసింది. ఇవన్నీ ఒక్క పేరాకు మించనివ్వకు. గకురన్ అనే నిలువు కాలరు నల్లకోటుకూ, నావికుల కాలరు గౌనుకూ మధ్య నిలబడిన బిడ్డను చట్టాల జాబితా చూపించలేదు. ఆ కోటు గుండీలు చూపించగలవు.

చివర నీ ముగింపు. ‘మనిషి’ అనే జపాన్ అక్షరంలో రెండు గీతలు ఒకదానికొకటి ఆసరాగా నిలబడ్డాయని కిన్‌పాచి మాస్టారు చెప్పే పాఠం చాలా ప్రసిద్ధం, దానితో వ్యాసం ముగించాలని నీకు అనిపించడం సహజం. నావో పేరు రాసే అక్షరాన్ని చూడమంటాను. అది ‘సూటి’ అనే అర్థమున్న అక్షరం, ఆడపిల్లలకూ మగపిల్లలకూ పెట్టే పేరు. హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు ఒక్కటే అతని పక్షాన ఉంది. ఆ పేరు దగ్గర నీ వ్యాసం మొదలైతే ఎలా ఉంటుందో ఒకసారి రాసి చూడు.

తిరగరాసిన ప్రతి పంపేటప్పుడు ఈ గీతల కాగితాలు కూడా జతచేయి. ఏ గీత దగ్గర నువ్వు నా మాట వినకుండా నీ వాక్యాన్నే నిలబెట్టుకున్నావో చూడాలని ఉంది.

ఆశీస్సులతో,
నీ మాస్టారు