క్యాన్సర్ చెప్పే రక్తపరీక్షా? ముందు ఆ ట్యూబు ఎంతసేపు నిలబడిందో అడగండి

రక్తంలోని మెటబొలైట్లను, అంటే కణాలు పనిచేసేటప్పుడు పుట్టే, ఖర్చయ్యే చిన్న రసాయనాలను కొలిచి క్యాన్సర్‌ను ముందే పట్టవచ్చా, రోగి ఎంతకాలం బతుకుతారో చెప్పవచ్చా, ఏ బాధా లేని మా నాన్నగారికి ఆ పరీక్ష చేయించమంటారా అని అడిగారు. ఉద్యోగజీవితమంతా ల్యాబ్‌లో రక్తం ట్యూబుల మధ్య గడిపినవాడిని కాబట్టి నా జవాబు కొంచెం పక్కదారి పడుతుంది.

ఒకసారి మా దగ్గర ఇలాంటి అధ్యయనమే జరిగింది. అణువులను బరువును బట్టి గుర్తించే యంత్రం మాస్ స్పెక్ట్రోమీటర్. దాని ఫలితాలను మనిషికొక చుక్కగా కంప్యూటర్ తెరమీద చూపిస్తే క్యాన్సర్ రోగుల చుక్కలన్నీ ఒక పక్క, ఆరోగ్యవంతులవన్నీ మరో పక్క. మధ్యలో ఒక్కటీ కలవలేదు. పెద్దవాళ్లు అప్పుడే వ్యాసానికి పేరు వెతుకుతున్నారు. అంత శుభ్రంగా విడిపోతే నాకు అనుమానం వస్తుంది. వెళ్లి శాంపిళ్ల రిజిస్టరు తీశాను. ఆరోగ్యవంతుల రక్తం ల్యాబ్ పక్కగదిలో తీశారు, నిమిషాల్లో సెంట్రిఫ్యూజ్‌లోకి, అంటే గిరగిరా తిప్పి కణాలను వేరుచేసే యంత్రంలోకి వెళ్లింది. రోగుల రక్తం పై అంతస్తు వార్డులో పొద్దున్నే తీసి, అటెండరు తీరిక చూసుకుని తెచ్చేదాకా బల్లమీదే ఉంది.

ట్యూబులోకి వచ్చాక కూడా ఎర్రకణాలు బతికే ఉంటాయండి. గది వేడిలో గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజు తినేసి లాక్టేటు వదులుతాయి. 1920లలో జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ క్యాన్సర్ కణితుల్లో గమనించిందీ అదే: గ్లూకోజు విపరీతంగా వాడుకోవడం, లాక్టేటు వదలడం. అంటే మేము క్యాన్సర్ గుర్తు అనుకున్నదాంట్లో సగానికి పైగా అటెండరు ఆలస్యమే. అందరి రక్తాన్నీ ఒకే పద్ధతిలో తీయించి మళ్లీ చూస్తే చుక్కలు చాలావరకు కలిసిపోయాయి. కొంత తేడా మిగిలింది, వ్యాసం పేరు మాత్రం మిగల్లేదు. యంత్రం కొనేటప్పుడు ఉన్న ఉత్సాహం రక్తం తీసే మనిషికి శిక్షణ ఇచ్చేటప్పుడు ఎందుకు ఉండదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అలాగని ఇదంతా బూటకం అనను. ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు ఉన్న ఒక రకం రక్తక్యాన్సర్‌లో 2-హైడ్రాక్సీగ్లూటరేటు అనే మెటబొలైటు రక్తంలో నిజంగానే పెరుగుతుంది. క్లోమ క్యాన్సర్ బయటపడడానికి ఏళ్ల ముందే ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనే అమైనో ఆమ్లాలు రక్తంలో ఎక్కువగా ఉన్నాయని 2014లో తేలింది. కానీ ఊబకాయం ఉన్నా, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోయినా ఆ మూడూ పెరుగుతాయి. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు మూత్రంలోని సార్కోసిన్ అనే మెటబొలైటు గుర్తు అని 2009లో ఎంత హడావిడి జరిగిందో! తర్వాత చూసినవాళ్లలో చాలామందికి అది కనిపించనే లేదు.

పత్రికల్లో వచ్చే "95 శాతం కచ్చితత్వం" చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పదివేల మందిలో 50 మందికి క్యాన్సర్ ఉందనుకోండి. రోగులను గుర్తించడంలోనూ, లేనివాళ్లను వదిలేయడంలోనూ పరీక్ష 95 శాతం సరైనదే అనుకుందాం. 47 లేదా 48 మందిని పడుతుంది. వాళ్లతోపాటు ఏ జబ్బూ లేని దాదాపు 500 మందిని కూడా భయపెడుతుంది. మీ నాన్నగారిని ఆ 500 మందిలో నిలబెట్టడం ఎందుకు? లక్షణాలు కనిపించిన రోజున స్కానింగు, అవసరమైతే బయాప్సీ ఉన్నాయి కదా.

ఇక ఆయుష్షు సంగతి. దానికి కొత్త యంత్రమే అక్కర్లేదు. లాక్టేటును తయారుచేసే ఎంజైము ఎల్‌డీహెచ్‌ను మామూలు ల్యాబుల్లోనే కొలుస్తారు. లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) రోగుల భవితవ్యాన్ని అంచనా వేయడానికి 1993లో వచ్చిన సూచికలో అది ఉంది, ముదిరిన మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) దశ నిర్ణయంలోనూ ఉంది. అయితే అది ఎర్రకణాల నిండా కూడా ఉంటుంది. సన్నటి సూదితో బలంగా లాగినా, ట్యూబును గట్టిగా కుదిపినా కణాలు పగిలి అంకె అమాంతం పెరుగుతుంది. అలాంటి రిపోర్టు అడుగున "హీమోలైజ్డ్" (ఎర్రకణాలు పగిలాయి) అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అది కనిపిస్తే ఆయుష్షు లెక్కలు పక్కనపెట్టి, రక్తం మళ్లీ తీయించండి.