టీచరమ్మ కాబోతున్న చిట్టికి

చిట్టీ,

నీకు డీఎస్సీలో ఉద్యోగం వచ్చిందని, ఒకటో తరగతి పిల్లలకి చెప్పాలని మీ అమ్మ ఫోన్ చేస్తే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆ సంతోషం వెనకే ఒక బెంగ కూడా పట్టుకుంది: చిన్నపిల్లల దగ్గరికి వంగి చెప్పాలి కదా, నీ నోటి వాసన వాళ్ళకి తగలకూడదు.

పొద్దున, రాత్రి రెండేసి నిమిషాలు మెత్తటి బ్రష్‌తో, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోముకో. ఇది నీకు తెలిసిందే. నువ్వు మర్చిపోయేది నాలుక. వాసన ఎక్కువగా పుట్టేది నాలుక వెనకభాగాన పేరుకున్న పాచిలోనే. మా చిన్నప్పుడు కచ్చికతో తోముకుని, కొబ్బరి ఈనె చీల్చి నాలుక గీసుకునేవాళ్ళం. కచ్చిక వద్దు, పళ్ళు అరిగిపోతాయి. నాలుక గీసుకోవడం మాత్రం మానకు.

86లో గోదావరి వరదలొచ్చిన ఏడు నేను లంక స్కూల్లో టీచరుగా ఉన్నాను. తోముకుంటే చిగుళ్ళలోంచి రక్తం వచ్చేది. బ్రష్ గుచ్చుకుంటోందనుకుని ఆ వైపు తోమడం మానేశాను. వాసనకి లవంగం బుగ్గన పెట్టుకునేదాన్ని. ఒకరోజు ఒక పిల్లాడి చెయ్యి పట్టుకుని పలక మీద 'అ' దిద్దిస్తున్నాను. వాడు రెండో చేత్తో చొక్కా కాలర్ ముక్కు మీదికి లాక్కున్నాడు. ఏమీ అనలేదు. ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు, చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత నేను ఏ పిల్లాడి దగ్గరికీ వంగలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకునే పాఠాలు చెప్పాను.

పళ్ళకి పట్టి గట్టిపడిన పాచిని, అదే గారని, తీయిస్తే పళ్ళు కదిలిపోతాయని ఎవరో అంటే నమ్మి మూడేళ్ళు వెనకాడాను. చివరికి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి నర్సాపురం వెళ్ళాను. డాక్టరు అద్దంలో చూపించారు: కింది పళ్ళ వెనక గార గట్టుకట్టి ఉంది. నేను తోమకుండా వదిలేసిన పాచే చిగుళ్ళు వాచేలా చేసి రక్తం తెప్పించిందట. లోపల ఎముక అప్పటికే కరిగింది. రెండు పళ్ళు తీసేయాల్సి వచ్చింది.

నీకు రక్తం కనిపిస్తే భయపడి ఆపకు. చిగుళ్ళ అంచున మెల్లగా అక్కడే తోము. వారం పది రోజుల్లో తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళు. లవంగాలతో, మౌత్‌వాష్‌తో కప్పిపెట్టకు. స్కూల్లో బాత్రూం బాగోలేదని నీళ్ళు మానేసే టీచర్లని చాలామందిని చూశాను. నోరెండితే వాసన ఇంకా పెరుగుతుంది. సీసా టేబుల్ మీదే ఉంచుకో.

రాత్రి పూతరేకు తిని అలాగే పడుకుంటావట! ఇన్నేళ్ళొచ్చినా అదేం అలవాటే? చిన్నప్పుడు నిద్రమత్తులో ఉన్న నిన్ను ఒళ్ళో వేసుకుని వేలితో తోమేదాన్ని. వేలు కొరికేసి, మళ్ళీ నా మెడ పట్టుకునే నిద్రపోయేదానివి.

ఆదివారం ఫోన్ చేస్తాను. ముందే అద్దంలో కింది పళ్ళ వెనక చూసుకుని ఉండు, నిజం చెప్పాలి.

మీ పెద్దమ్మ