కోట గోడ మీద ఉలి పెట్టే ముందు

బిడ్డా,

ఖిలా వరంగల్‌లో రాతికోట గోడ బాగుచేసే పనిలో చేరావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. సంతోషంతో పాటు కొంచెం టెన్షన్ కూడా పట్టుకుంది, అందుకే కూర్చొని రాస్తున్నా.

గణపతిదేవుడు మొదలుపెట్టి, రుద్రమదేవి పూర్తి చేయించిన గోడ అది. అంతంత గ్రానైట్ రాళ్లను మధ్యలో సున్నం లేకుండానే ఒకదాని మీద ఒకటి కుదిర్చారు. సందు కనపడగానే పూడ్చాలనిపిస్తుంది, పూడ్చకు. లోపలివైపు మట్టికట్ట ఉంది కదా, వానాకాలం అది తాగిన నీళ్లు ఆ సందుల్లోంచే బయటికి పోతాయి. సిమెంటు కొట్టావంటే నీళ్లు లోపలే ఆగి, మట్టి బరువెక్కి, గోడ కడుపులా ముందుకు ఉబ్బుతుంది. ఒక ఊరి శివాలయంలో ఇసుకరాయి గోడకు నేనే సిమెంటు పెట్టాను, నాకప్పుడు తెలియదు. కొన్నేళ్లకు పోయి చూస్తే సిమెంటు గట్టిగానే ఉంది, దాని పక్కన రాయి మాత్రం పొరలు పొరలుగా ఊడిపోతోంది. ఇప్పటికీ ఆ గుడి ముందు నుంచి పోవాలంటే మనసొప్పదు.

సున్నం వాడక తప్పని కట్టడాలూ ఉంటాయి. అక్కడ సిమెంటు కాదు, డంగు సున్నమే, అంటే గానుగలో రుబ్బిన సున్నమే పెట్టించు, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోసి బాగా రుబ్బించాలి. మే ఎండల్లో ఆ పని పెట్టుకోవద్దు, తొందరగా ఆరితే పగుళ్లిస్తుంది. వానలు తగ్గాక మొదలుపెట్టి తడి గోనెసంచులు కప్పి ఉంచు, ఎన్ని రోజులైనా సరే, కాంట్రాక్టర్ తొందరపెట్టినా సరే.

గోడలో మొలిచిన రావి మొక్కను పట్టి లాగితే వేరుతో పాటు రాయీ కదులుతుంది. మొదలు దగ్గర కోసి, వేరు పూర్తిగా చచ్చాకే తియ్యి. నాచుకు యాసిడ్ వద్దు, ఇనుప బ్రష్ వద్దు. తోరణాల మీది హంసలు, తామరమొగ్గలు ఒకసారి అరిగితే మళ్లీ ఎవరు చెక్కుతారు? నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు.

రాయి కదిలించాల్సి వస్తే ముందు ఫోటో తీసి, బయటికి కనపడని వైపు నంబర్ వెయ్యి. హన్మకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని రాయి రాయీ విప్పి, మళ్లీ నిలబెట్టి 2024లో తెరిచారు, నంబర్లు లేకుంటే అది జరిగేదే కాదు. పురావస్తు శాఖ ఇంజనీరుకు చెప్పకుండా మాత్రం చిన్న రాయి కూడా ముట్టుకోకు.

మొదటి పెద్ద వాన పడ్డ రోజు గొడుగేసుకొని గోడ దగ్గరే ఉండు. నీళ్లు ఏ సందులోంచి వస్తున్నాయో, ఎక్కడ రావడం లేదో రాసుకొని సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న