కొత్త సెల్ వేసినా టార్చి మిణుకుమంటోందా? వెనక మూత చూడండి

అరకు క్యాంపింగ్‌లో కొత్త సెల్ వేసినా మీ చిన్న ఎల్ఈడీ టార్చి మిణుకుమంటూ, అరచేత్తో తడితే వెలుగుతోందంటే తేడా బల్బులో కాదు, వెనక మూత దగ్గరి కాంటాక్ట్‌లో. మన వైజాగ్ ఉప్పుగాలికి ఇది మామూలే.

1. మూత తిప్పి తీసి, సెల్ బయట పెట్టండి.

2. చాలామంది స్ప్రింగ్ ఒక్కటే తుడిచి ఊరుకుంటారు. అసలు చూడాల్సింది సెల్ పట్టే టార్చి గొట్టం చివరి అంచు, మూత బిగించే వైపు. రంగు పూత లేకుండా మెరిసే ఆ సన్నటి రింగు గుండానే కరెంటు స్విచ్‌కి చేరుతుంది, పూత మీద పారదు. అక్కడ నల్లటి జిడ్డో తెల్లటి పొడో ఉంటే ఇయర్‌బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, దూదికి మురికి అంటడం ఆగేదాకా తుడవండి. మూత లోపల ఆ అంచు తగిలే చోటు కూడా. గరుకు కాగితం మాత్రం వద్దు, చుట్టూ ఉన్న పూత లేచిపోతుంది.

3. పూర్తిగా ఆరాక సెల్ వేసి, మూత చివరిదాకా బిగించండి.

ఇంకో మాట. చలికి ఆల్కలైన్ సెల్ తొందరగా డల్ అవుతుంది, లంబసింగి వైపు వెళ్తే రీఛార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ నయం. సైజు సరిపోయిందని 3.7 వోల్టుల 14500 సెల్ (మామూలు AA పెన్సిల్ సెల్ సైజులోనే ఉండే లిథియం అయాన్ సెల్) వేయకండి. టార్చి దానికి పనికొస్తుందని రాసి లేకపోతే సర్క్యూట్ కాలిపోవచ్చు.